ఆయుధపూజ పరుపులు

పాకాల రైలు పట్టాల అవతల చిన్న చిన్న పెంకుటిళ్లు వరుసగా ఉన్న ఒక వీధి. మార్గశిర మాసపు ఉదయం. మంచు ఇంకా పూర్తిగా విడిపోలేదు. తొలి ఎండ వీధిలోకి ఏటవాలుగా దిగుతున్నది. ఒక ఇంటి ముందు దండెం మీద తెల్లటి మందపాటి గుడ్డలు పొడవుగా వేలాడుతున్నాయి. తలమీద కొంగు కప్పుకున్న ఒకామె వెదురు బెత్తంతో వాటిని కొడుతున్నది. దెబ్బ పడినప్పుడల్లా గుడ్డలోంచి ఒక తెల్లని ఊపిరి లేస్తున్నది. అది ఎండలోకి వచ్చి, బంగారు పొడిగా మారి, ఎక్కడికీ తొందర లేనట్టు మెల్లగా, ఎంతో మెల్లగా కిందికి దిగుతున్నది. ఆమె కనురెప్పల మీద, చేతి గాజుల మీద, గడప మీద సన్నని వెన్నెల పరుచుకున్నట్టున్నది.

చదువరులారా, ఈ దృశ్యాన్ని చూసి ముచ్చటపడని వారుండరు. చేతిలో ఫోనున్నవారైతే ఫోటో తీసి నలుగురికీ పంపుతారు. ఈ అందం లోపల ఒక అన్యాయం హాయిగా కాలు చాపుకుని పడుకుని ఉన్నదని చెబితే మీరు నమ్మరు. ఆ వీధివాళ్లూ నమ్మలేదు. ఆ ఇంటి యజమాని బుడేన్ సాహెబుకైతే ఆ అనుమానమే రాలేదు.

అతడు అరుగు మీద కూర్చుని, అలాంటిదే ఒక తెల్లగుడ్డను చిన్న ఉయ్యాల కొలతకు కత్తిరిస్తున్నాడు.

"చాల్లే మే, ఇంగ కొట్టొద్దు. గుడ్డ సచ్చిపోతాది" అన్నాడు తల ఎత్తకుండా.

"నీ మనవరాలికి దుమ్ము పరుపు ఎయ్యమంటావా? దులపకుండా కుట్టినామంటే మీ నాయన గోరీలోంచి లేసొచ్చి నన్నే తిడతాడు" అన్నది అతని భార్య జహీరున్నీసా.

"తిట్టడు. నీ వంట తలుసుకోని మల్లా పండుకుంటాడు."

ఆమె నవ్వబోయింది. నవ్వు సగంలోనే దగ్గుగా మారింది. దండెం కర్రను పట్టుకుని వంగిపోయింది. దగ్గు ఆగేదాకా అతడు కత్తెర ఆపి చూశాడు. ఆగిన తర్వాత ఆమె కొంగుతో నోరు తుడుచుకుని, ఏమీ జరగనట్టు మళ్లీ బెత్తం ఎత్తింది. పుత్తూరులో కాపురముంటున్న కూతురు షబ్రీన్ పురిటి నెలలు దాటిన పసిబిడ్డతో ఆ వారమే పుట్టింటికి రాబోతున్నది. ఉయ్యాల పరుపు అప్పటికి సిద్ధం కావాలి.

బుడేన్ సాహెబ్‌ది దూది ఏకిన వంశం. అతని నాయన భుజాన విల్లు వేసుకుని ఊరూరూ తిరిగి, పాత పరుపులు విప్పి, దూదిని ఏకి, మళ్లీ కుట్టి ఇచ్చేవాడు. విల్లు తాడు టంయ్ టంయ్ మని మోగుతుంటే గది నిండా మబ్బులు లేచేవి. ఆ మబ్బుల నడుమ నాయన ముఖం మాత్రం కనిపించేది. బుడేన్ బాల్యమంతా ఆ తెల్లదనంలోనే గడిచింది. తర్వాత దుకాణాల్లోకి స్పాంజి పరుపులు వచ్చాయి. విల్లు అటకెక్కింది. బుడేన్ ఊరి బయట పలుగురాయి మిల్లులో కూలికి చేరాడు.

పలుగురాయి అంటే మీకు తెలుసు. చిన్నప్పుడు చీకట్లో రెండు రాళ్లు రుద్దితే నిప్పు మెరిసేది, ఆ తెల్లరాయి. దాన్ని వేడి గాలితో ఆరబెట్టి, మైదాపిండికన్నా మెత్తగా విసిరి, గాజు, టైల్సు ఫ్యాక్టరీలకు పంపుతారు. విసిరేటప్పుడు లేచే దుమ్ము బయటికి పోకుండా ఒక పెద్ద ఇనుపగది ఉంటుంది. దాని నిండా మనిషికన్నా పొడవైన సంచులు వేలాడుతుంటాయి. దుమ్ముగాలి సంచి బయటివైపు తగిలి ఆగుతుంది. దుమ్మును సంచి పట్టుకుంటుంది, శుభ్రమైన గాలి లోపలినుంచి పైకి పోతుంది. ఆ సంచులు కుట్టడం, పాడైతే మార్చడం బుడేన్ పని.

ఆ సంచుల గుడ్డ నేసింది కాదు, అల్లింది కాదు. పీచును పరిచి, వేల సూదులతో పొడిచి పొడిచి ఒత్తు చేసిన ఫెల్టు. మొదట్లో తెచ్చిన రకం ఆ వేడికీ ఆవిరికీ పెళుసుబారి చిరిగిపోతుండేది. అప్పుడు అక్రిలిక్ ఫెల్టు తెప్పించారు. అమ్మవచ్చినాయన బుడేన్ చేతిలో ముక్క పెట్టి, "సాహెబూ, స్వెటర్లు, శాలువాలు అల్లే ఉన్ని ఉంది చూడు, అది కూడా ఈ పీచుతోనే చేస్తారు" అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. కానీ ఆ ఒక్క మాట బుడేన్ మనసులో మెత్తగా కూర్చుండిపోయింది. ఇంకేం కావాలి? శాలువా పీచు! నిమిరితే కుందేలు చెవిలాగా ఉన్నది. విల్లు అటకెక్కినాక అతని వేళ్లు మళ్లీ ఒక మెత్తదనాన్ని ముట్టుకున్నాయి.

ఆ మిల్లులో ఒక ఆచారం ఉన్నది. ఆయుధపూజ నాడు మిషన్లకు పసుపూ కుంకుమా పెట్టి, గుమ్మడికాయ కొట్టి, పనివాళ్లకు బొరుగులు, స్వీటు పొట్లం ఇస్తారు. వాటితోపాటు ఆ ఏడు మార్చిన పాత సంచులను కూడా పంచుతారు. మేనేజరు రఘునాథ్ తన చేతులతోనే ఇస్తాడు. పనివాళ్లు కళ్లకద్దుకుని తీసుకుంటారు. చలికాలం ముందర అంత మందపాటి గుడ్డ ఎవరు ఊరికే ఇస్తారు? అలా వచ్చిన సంచులన్నీ బుడేన్ ఇంటికే చేరతాయి. జహీరున్నీసా వాటిని కొట్టి, దులిపి, ఉతికి ఇస్తుంది. బుడేన్ పరుపులు, బొంతలు, దిండ్లు కుట్టి ఇస్తాడు. దూదైనా, గుడ్డయినా, బాగా కొడితే దుమ్ము పోతుందన్నది అతని వంశం నమ్మిన మాట. దూది విషయంలో అది నిజమే. దూది దుమ్ము వేరు, రాతి దుమ్ము వేరు అని ఆ వంశానికి ఎవరూ చెప్పలేదు.

వీధిలో ఏ ఇంట్లో చూసినా అతని చేతి పరుపే. ఏ పసిపిల్ల కింద చూసినా అతని కుట్టే. "సాహెబు పరుపు మీద పండుకుంటే మబ్బు మీద పండుకున్నట్టుంటాదబ్బా" అంటుంది ఎదురింటి లోకేశ్వరి. ఆ మాట విన్నప్పుడల్లా బుడేన్‌కు నాయన విల్లు చెవిలో మోగేది. ఈ లోకంలో తనకు మిగిలిన గౌరవం అదొక్కటే.

జహీరున్నీసాకు దగ్గు పట్టుకుని చాలాకాలమైంది. క్షయ కావచ్చునని మాత్రలిచ్చారు, కోర్సు మొత్తం మింగింది. దగ్గు తగ్గలేదు సరికదా, ఆయాసం తోడైంది. బిందె ఎత్తితే ఆయాసం, మాట్లాడితే ఆయాసం. "మనవరాలిని ఎత్తుకోని జోలపాట పాడాల గదయ్యా, ఊపిరి సాలకపోతే ఎట్లా?" అన్నదొకనాడు. ఆ మాటకు భయపడి, పరుపు కుట్టడం పూర్తయిన మర్నాడే బుడేన్ ఆమెను రైల్లో తిరుపతికి, పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు.

డాక్టరు పేరు కమలిని. చిన్నవయసు మనిషి. ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. ఆ నల్లటి ఫిల్ములో రెండు ఊపిరితిత్తులు, వాటి నిండా రాత్రి ఆకాశంలాగా సన్నని తెల్లచుక్కలు. బుడేన్‌కు అవి కూడా అందంగానే కనిపించాయి.

"అమ్మా, నువ్వు ఏ క్రషరులో పనిచేసినావు?"

"యాడా చెయ్యలేదు మేడం. ఇంట్లోనే ఉంటా."

"రాయి కొట్టే పని? బావి తవ్వే పని?"

"మిల్లు గేటు ఏ రంగో కూడా నాకు తెల్దు. ఈయన పోతాడు. నేను పొయ్యి కాడ ఉంటా."

డాక్టరు ఎక్స్‌రే కింద పెట్టింది. "ఇది క్షయ కాదమ్మా. సిలికోసిస్ అంటారు. రాతిదుమ్ము పీల్చినవాళ్లకు వచ్చే జబ్బు. మిల్లుకు పోయే మనిషి ఈయన. జబ్బేమో నీకు. మీ ఇంట్లో ఈ దుమ్ము ఎక్కడిది?"

"ఆయన బట్టలు ఉతుకుతాను."

"దానికి ఇంత రాదు. ఇంకేం చేస్తావు?"

జహీరున్నీసా ఆలోచించింది. తర్వాత, పాపం, కొంచెం గర్వంగానే చెప్పింది. "సంచులు దులుపుతా మేడం. మిల్లోల్లు ఇస్తారు. కొట్టి కొట్టి ఒక్క నలక లేకుండా సేస్తా. మా వీధంతటికీ నేనే సేస్తా."

డాక్టరు బుడేన్ వైపు తిరిగింది. "ఆ సంచులు మార్చేటప్పుడు నువ్వు ఏం కట్టుకుంటావు?"

"మాస్కు పెట్టుకుంటా మేడం. అద్దాలు గూడా. మాస్కు లేకుంటే ఆ గదిలోకి రానియ్యరు. తనిఖీకి వస్తారు గదా."

"ఈమె?"

బుడేన్ భార్య ముఖం వైపు తిరిగాడు.  తనిఖీకి వచ్చేవాళ్ల కంటికి కనిపించే ముక్కుకు మాస్కు ఉన్నది. కనిపించని ముక్కులకు లేదు. ఇన్నేళ్లూ ఆ సంగతి అతని బుద్ధికి తట్టలేదు.

"దుమ్మును పట్టుకోవడానికే కదా ఆ గుడ్డను తయారుచేసేది" అన్నది డాక్టరు నెమ్మదిగా. "అది పట్టుకున్నది అంత సులభంగా వదలదు. పైనున్నది రాలుతుంది, లోపలున్నది ఉండిపోతుంది. ఉతికినా పోదు. మనిషి కదిలినప్పుడల్లా కొంచెం కొంచెం బయటికి వస్తుంది. నీ కంటికి కనపడే దుమ్ము కాదు, కనపడనిదే ఊపిరి లోపలికంటా పోయేది. ఈమెకు పోయింది తిరిగి రాదు. ఇంక పోకుండా చూసుకో. పిల్లలను ఆ పరుపుల దగ్గరికి రానివ్వొద్దు."

తిరుగు ప్రయాణంలో జహీరున్నీసా కిటికీ పక్కన కూర్చుంది.  రైలు చంద్రగిరి దాటింది. కొండ మీది కోట మధ్యాహ్నపు ఎండలో తేలుతున్నట్టున్నది. రైలు ఊపుకు బుడేన్ కళ్లు మూతపడ్డాయి.

నాయన విల్లు మోగుతున్నది. టంయ్, టంయ్. గది నిండా మబ్బులు. ఆ మబ్బుల్లోంచి ఒక తెల్లటి మనిషి లేచి నిలబడ్డాడు. మెత్తని అడుగులతో మిల్లు గేటు దాటి వచ్చాడు. చేతిలో స్వీటు పొట్లం. వీధిలో ప్రతి ఇంటి ముందూ ఆగుతున్నాడు. "రాప్పా, కూర్చో" అని ప్రతి ఇల్లూ పిలుస్తున్నది. పరుపు వేస్తున్నది. అతడు పిల్లల పక్కన ఒత్తిగిలి పడుకుంటున్నాడు. లేవడం లేదు. ఒక్కడే, కానీ అన్ని ఇళ్లలోనూ ఉన్నాడు. "ఎవురబ్బా నువ్వు? ఎప్పుడు పోతావు?" అని అడిగాడు బుడేన్. ఆ తెల్లమనిషి కళ్లు తెరవకుండానే నవ్వాడు. "నాకు పరుపు కుట్టింది నువ్వే గదా సాహెబూ. యాడికి పోయేది?"

"లెయ్యి, పాకాల వచ్చేసింది" అని జహీరున్నీసా భుజం కదిపింది.

వీధి మలుపు తిరగ్గానే లోకేశ్వరి ఎదురొచ్చింది. "సాహెబూ, మీ షబ్రీన్ వచ్చేసిందప్పా! పొద్దున బస్సుకే వచ్చింది. తాళం చెవి నా కాడ ఉండె గదా, నేనే తీసి కూర్సోబెట్టినా. బిడ్డ ఎంత సల్లంగా నిద్దరపోతా ఉండాదో సూడు పో!"

బుడేన్ పరుగెత్తాడు. ఆ వీధిలో అతడు పరుగెత్తగా అంతకుముందు ఎవరూ చూడలేదు. ఇంట్లో దూలానికి చీర ఉయ్యాల. ఉయ్యాలలో కొత్త తెల్ల పరుపు. దాని మీద పసిపిల్ల బోర్లా పడుకుని, బుగ్గ ఫెల్టుకు ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతున్నది. చిన్న ముక్కుపుటాలు కదులుతున్నాయి. పెంకుసందులోంచి దిగిన ఎండకిరణం ఉయ్యాల మీద పడుతున్నది. ఊగినప్పుడల్లా ఆ కిరణంలో సన్నగా, ఎంతో సన్నగా ఏదో మెరుస్తున్నది.

అతడు బిడ్డను రెండు చేతులతో లేపి కూతురి ఒడిలో వేశాడు. బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది.

"నాయనా, ఏం పోయేకాలం నీకు? ఇప్పుడే గదా నిద్దరపోయింది!" అని షబ్రీన్ కసిరింది.

"బయటికి తీసకపో. బయటికి పో బిడ్డా, సెప్తా" అన్నాడు.  తువ్వాలు తడిపి ముక్కుకు కట్టుకున్నాడు. పరుపు మీద నీళ్లు గుమ్మరించి, చుట్టి, గోతాములో వేసి మూతి కట్టాడు. తర్వాత అరుగు మీద కూర్చుండిపోయాడు.

జహీరున్నీసా వచ్చి పక్కన కూర్చుంది. "మన ఇంట్లోది తీసేసినావు. మిగతా ఇండ్లలోవి?"

"వాళ్లకు ఏమని సెప్పేది? నేనే కుట్టిచ్చి, నేనే ఇసమని సెప్పేదా? ఈ వీధిలో ఇంగ నా మొగం ఎవురు సూస్తారు?"

"నీ మొగం సూడకపోతే పోనీలే" అన్నది ఆమె, మాటకూ మాటకూ నడుమ ఊపిరి వెతుక్కుంటూ. "వాళ్ల బిడ్డలు బతికుంటే సాలు."

మర్నాడు పొద్దున అతడు ఎదురింటి నుంచే మొదలుపెట్టాడు. లోకేశ్వరి నడుం మీద చేతులు పెట్టుకుని గడపకు అడ్డంగా నిలబడింది.

"ఏందప్పా ఇది? ఇచ్చింది ఎనక్కి అడుగుతావా? సలికాలం రాంగానే ఇంకో ఇంట్లోళ్లకు అమ్ముకునేదానికా?"

"అమ్ముకోనులేమ్మా. మా ఆమె కత సూస్తా ఉండావు గదా..."

"ఆమెకు జబ్బొస్తే మా పరుపు ఏం సేసింది పాపం? ఎంత సుబ్బరంగా ఉతికిచ్చింది ఆ తల్లి!"

నలుగురూ చేరారు. నవ్వేవాళ్లు నవ్వారు. సాహెబుకు తిక్క పట్టిందన్నారు. బుడేన్ వాదించలేదు. అతనికి వాదించడం రాదు, కుట్టడం వచ్చు, విప్పడం వచ్చు. లోకేశ్వరిని ఒక్క పరుపు మాత్రం తొట్టిలో నానబెట్టమన్నాడు. ఆమె విసుక్కుంటూనే నానబెట్టింది. తొట్టిలో నానిన పరుపును బండ మీద పరిచి, అందరూ చూస్తుండగా తన కుట్టు మీదనే కత్తెర పెట్టాడు. ఒక్కొక్క పొర విప్పి, ఫెల్టును నిలువుగా చీల్చి, పిండాడు. తెల్లటి బురద జారింది. మళ్లీ పిండాడు. మళ్లీ జారింది. ఎన్నో ఉతుకులు చూసిన గుడ్డ అది. అయినా దాని కడుపులోంచి సున్నం లాంటి నీళ్లు దిగుతూనే ఉన్నాయి. ఎండకు బండ ఆరేసరికి దాని మీద ముగ్గుపిండి పోసినట్టు ఒక తెల్లని పొర మిగిలింది. వేలితో రుద్దితే గాజులాగా గరగరమన్నది.

నవ్వులు ఆగిపోయాయి. లోకేశ్వరి వంగి ఆ పొరను ముట్టుకున్నది. వేలు వెంటనే వెనక్కి తీసుకున్నది.

"ఇదంతా... నా బిడ్డల తలకాయల కింద ఉండిందా?"

 ఆమె లోపలికి పోయి మిగిలిన బొంతలు, దిండ్లు అన్నీ తెచ్చి తొట్టి దగ్గర పడేసింది. ఒక్కొక్క తలుపూ తెరుచుకున్నది. మధ్యాహ్నానికి వీధిలోని మబ్బులన్నీ తడిసి, ముద్దలై, ట్రాలీ ఆటోలోకి ఎక్కాయి.

మిల్లు గేటు దగ్గర రఘునాథ్ ఎదురొచ్చాడు. చెడ్డవాడని చెప్పలేము. పండగకు స్వీట్లు తన జేబునుంచి కూడా పంచే మనిషి.

"ఏంది బుడేనూ ఇది? ఆయుధపూజ నాడు కళ్లకద్దుకుని తీసుకున్నది, ఈరోజు గేటు ముందర పోస్తావా?"

"ఇందులో ఏముండాదో అప్పుడు తెల్దు సారూ."

"మీరు అడిగితేనే కదా ఇచ్చినాం!"

"అడిగినాము. మాదీ తప్పే. కానీ నాకు ఒక సంగతి సెప్పండి. ఈ సంచి ముట్టుకునేటప్పుడు నాకు మాస్కు ఎందుకు కట్టినారు?"

రఘునాథ్ అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు. "చూడప్పా, వీటిని పారేయాలంటే ఎంత తిప్పలో నీకు తెలియదు. ఊరి బయట వేస్తే కేసు. పద్ధతి ప్రకారం పూడ్చాలంటే దానికొక ఏజెన్సీ, దానికొక పర్మిషను. మీకు పనికొస్తాయి, మాకు భారం తగ్గుతుంది అనుకున్నాం. ఊరికే గొడవ చేసినావంటే రేపట్నించి నువ్వు పనికి రావద్దు."

బుడేన్ ఒక్క క్షణం తడబడ్డాడు. ఈ పని పోతే ఇంకో పని లేదు. ట్రాలీ వెంట వచ్చి అతని వెనక నిలబడ్డ వీధి పనివాళ్లు తలలు దించుకున్నారు. భారం తగ్గుతుందన్న మాట మాత్రం అందరికీ వినబడింది. ఇన్నేళ్లూ తాము దానమనుకుని దండం పెట్టి తీసుకున్నది ఒకరి చెత్త అని అప్పుడే అర్థమైంది. చెత్త మోసినందుకు కూలి కూడా దక్కలేదు.

అంతలో ఒక ఆటో వచ్చి ఆగింది. లోకేశ్వరి చేయి పట్టుకుని జహీరున్నీసా దిగింది. ఆ గేటును ఆమె జీవితంలో మొదటిసారి చూసింది. నీలిరంగుది. పనివాళ్లలో ఒకడు రఘునాథ్ అన్నమాట ఆమెకు చెప్పాడు. నాలుగడుగులు వేసి, ఆయాసంతో ఆగి, మళ్లీ నాలుగడుగులు వేసింది. ఆమె ఊపిరి చప్పుడు అందరికీ వినిపిస్తున్నది. రఘునాథ్‌కు కూడా.

"సారూ... మా ఆయన పని తీసేస్తారా? తీసేయండి" అన్నది. ఆగింది. గాలి అందుకున్నది. "నేను మీ మిల్లులో ఒక్కదినం గూడా పనిసెయ్యలా. అయినా మీ మిల్లు... నా రొమ్ములో ఉండాది. ఇంగ దాన్ని తీసేదానికి కాదంట. నా మనవరాలి రొమ్ములోకి మాత్రం రానియ్యను."

ఆమె వచ్చి ట్రాలీ పక్కన నేల మీద కూర్చుంది. లోకేశ్వరి కూర్చుంది. పనివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. లోపల ఉన్నవాళ్లూ పని వదిలి వచ్చారు, మిషను మోత ఆగింది. ఆ నిశ్శబ్దం వింతగా ఉన్నది. చెట్ల ఆకుల మీద పేరుకున్న తెల్లదనం మీదుగా గాలి వీస్తున్నది. ఎక్కడో ఒక పిట్ట అరిచింది. ఎండ వాలేదాకా అలాగే గడిచింది. చివరికి ఎవరితోనో ఫోనులో మాట్లాడి వచ్చి, రఘునాథ్ వాచ్‌మన్‌కు సైగ చేశాడు. గేటు తెరుచుకున్నది. ట్రాలీ లోపలికి పోయింది.

"బుడేనూ, నువ్వు రేపు పనికి రా" అన్నాడు రఘునాథ్ అలసటగా. తడి సంచుల గుట్టను చూసి తల పట్టుకున్నాడు. "ఇదంతా ఇప్పుడు నేను ఎక్కడ పెట్టుకునేది తల్లీ?"

జహీరున్నీసా మొగుడి భుజం ఆసరాతో లేచి నిలబడింది. కొంతసేపు ఊపిరి కూడగట్టుకుని చెప్పింది:

"ఎవురి లాభానికి లేసిన దుమ్మో, దాన్ని వాళ్లే దాసిపెట్టుకోవాల సారూ. కూలోడి ఇంటికి కూలి రావాల గానీ, మిల్లు దుమ్ము రాకూడదు."